మన తెలుగు సంఘం వార్షిక నివేదిక – 2024, శాన్ ఆంటోనియో (టెక్సాస్)

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారం. నియమావళి ప్రకారం ఏడాది పనుల వివరాలు మీ ముందుంచుతున్నాను.

శ్రీ క్రోధి నామ సంవత్సర ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే కళకళలాడాయి. ఫోటోలు అందరూ చూశారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. ఉగాది పచ్చడి నుంచి దీపావళి భోజనాల దాకా వంట భారం మోసిన అక్కలకు, సౌండ్ సిస్టమ్ బిగించి అర్ధరాత్రి విప్పి తీసుకెళ్ళిన తమ్ముళ్ళకు, శనివారం తెలుగు బడి నడిపిన పంతులమ్మలకు, అడిగిన ప్రతిసారీ సలహా ఇచ్చిన గత అధ్యక్షులవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మే మొదటి శనివారం జరిపిన సభ గురించి. కోర్టు జ్యూరీల్లోకి (కేసు విని తేల్చే మామూలు పౌరుల బృందాల్లోకి) మెక్సికన్ అమెరికన్లను రానివ్వకపోవడం మీద నడిచిన హెర్నాండెజ్ వర్సెస్ టెక్సాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 1954 మే 3న వచ్చింది. దానికి 70 ఏళ్ళు నిండిన సందర్భంగా, మన ఊరి మెక్సికన్ అమెరికన్ల చరిత్ర మీద ఒక పూట సభ, పిల్లల ప్రదర్శన పెట్టాం. తెలుగు సంఘానికి ఇదంతా ఎందుకని కార్యవర్గంలోనే కొందరు అడిగారు. సభలో ఇచ్చిన జవాబే ఇక్కడా రాస్తున్నాను.

1897లో రికార్డో రోడ్రిగెజ్ అనే ఆయన పౌరసత్వం కోసం మన ఊళ్ళోని ఫెడరల్ కోర్టుకే వెళ్ళాడు. అప్పటి చట్టం ప్రకారం తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి తప్ప ఇంకెవరికీ పౌరసత్వం లేదు. ఈయన తెల్లవాడు కాదు కదా అని అడ్డం తిరిగారు. మెక్సికోతో జరిగిన ఒప్పందాలు చూపించి, ఈయనకు అర్హత ఉందని జడ్జి తేల్చారు. 1923లో పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్ అదే పౌరసత్వం అడిగితే, భారతీయులు తెల్లవారి కిందికి రారని సుప్రీంకోర్టు చెప్పింది. 1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చేదాకా మనవాళ్ళకు ఆ తలుపు మూసే ఉంది. చట్టం లెక్కలో మెక్సికన్లు తెల్లవారు, మనం కాదు. వీధిలో మాత్రం వాళ్ళకూ ఆ మర్యాద దక్కలేదు.

పీట్ హెర్నాండెజ్ వ్యవసాయ కూలీ. జాక్సన్ కౌంటీలోని ఎడ్నా ఊళ్ళో హత్య కేసులో శిక్ష పడింది. అతను నేరం చేశాడా లేదా అన్నది కాదు సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్న. ఆ కౌంటీలో 25 ఏళ్ళుగా మెక్సికన్ ఇంటిపేరున్న ఒక్క మనిషీ జ్యూరీలో కూర్చోలేదు. మెక్సికన్లు కూడా తెల్లవారే, జ్యూరీలో ఉన్నదీ తెల్లవారే, ఇక వివక్ష ఎక్కడుందని రాష్ట్రం వాదించింది. మన ఊరి లాయర్లు గుస్ గార్సియా, కార్లోస్ కడేనా అదే కోర్టు భవనం నుంచి సాక్ష్యం తెచ్చారు. అక్కడ మగవాళ్ళకు రెండు మరుగుదొడ్లు. ఒకదాని మీద ఏ రాతా లేదు. రెండోదాని మీద నల్లవారికి అని ఇంగ్లీషులో, దాని కింద ‘ఒంబ్రెస్ అకీ’, అంటే మగవాళ్ళు ఇక్కడ అని స్పానిష్‌లో రాసి ఉంది. తీర్పు ఏకగ్రీవంగా వచ్చింది. సమాన రక్షణ హక్కు నలుపు తెలుపుల మధ్య గొడవకే పరిమితం కాదని, వేరుగా చూడబడుతున్న ఏ వర్గానికైనా వర్తిస్తుందని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాశారు. ఈ దేశంలో మనం నిలబడి ఉన్న నేల అదే.

మన తెలుగు బడి పిల్లలు ఆ రెండు తలుపుల్నీ అట్టల మీద గీసి హాలు గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టారు. లోపలికి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది ఆ రాత చదివి అక్కడే ఆగిపోయారు. ఇంకో బల్ల మీద పెకాన్ కాయలు (అక్రోటు లాంటివి) పోసి, పప్పు విరగకుండా ఒలవమని అడిగారు. గోళ్ళ సందుల్లో గోధుమరంగు పొడి ఇరుక్కుంది, దగ్గు వచ్చింది, గిన్నెలో పడింది మాత్రం గుప్పెడు. 1938 జనవరిలో మన ఊరి వెస్ట్ సైడ్‌లో ఈ పని చేసే వేలమంది, ఎక్కువగా ఆడవాళ్ళు, సమ్మె కట్టారు. అప్పటికే పౌండుకు ఆరేడు సెంట్లు వచ్చే కూలీని అయిదారుకు తగ్గించడమే దానికి కారణం. గాలి ఆడని షెడ్లలో ఆ పొడి పీల్చి బతికే పేటలో క్షయ ఇంటింటి జబ్బు. సమ్మెలో ముందు నిలబడిన ఎమ్మా టెనయుకాకు అప్పుడు 21 ఏళ్ళు. కూలీ కొంత పెరిగింది కానీ, అదే ఏడాది కనీస వేతన చట్టం రాగానే యజమానులు మిషన్లు దింపి వేలమందిని ఇంటికి పంపారు. ఈ సంగతి కూడా పిల్లలు దాచకుండా రాశారు, అందుకు వాళ్ళను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను.

అతిథిగా వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ మన ఊళ్ళో మెక్సికన్ అమెరికన్లు ఎక్కువగా ఉండే ఎడ్జ్‌వుడ్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో చదువుకున్నారు. బళ్ళో స్పానిష్ మాట్లాడితే దెబ్బలు తిన్న రోజుల్ని చెప్పారు. 1968 మేలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు వందలమంది బడి దుస్థితికి నిరసనగా క్లాసులు వదిలి బయటికొచ్చారు. ఆ తరువాత డెమెట్రియో రోడ్రిగెజ్, ఇంకొందరు తల్లిదండ్రులు స్కూళ్ళ నిధుల్లో తేడా మీద కోర్టుకెక్కారు. అప్పట్లో ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు 356 డాలర్లు, ఊరికి ఇంకోవైపున్న సంపన్నుల అలమో హైట్స్‌లో 594. 1973లో సుప్రీంకోర్టులో 5–4 తేడాతో ఓడిపోయారు. అయినా వదల్లేదు. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టులో ఏకగ్రీవంగా గెలిచారు. ఇల్లు కొనేటప్పుడు మనం మొదట అడిగేది స్కూల్ డిస్ట్రిక్ట్ గురించే కదా, ఆ ప్రశ్న వెనక ఇంత ఉంది. మన పిల్లలు శనివారం హాయిగా అ ఆలు దిద్దుకుంటున్నారంటే, తమ భాష కోసం దెబ్బలు తిన్న పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారని మరవకూడదు. ఆ టీచరమ్మకు సంఘం తరఫున చీర పెట్టి సత్కరించాం. సభ అయ్యాక ఆవిడ గంటసేపు పిల్లల బల్లల దగ్గరే కూర్చున్నారు.

బాధ కూడా చెప్పుకోవాలి. షీట్‌లో పేరు రాసిన వాలంటీర్లలో సగానికి పైగా ఆ రోజు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. కుర్చీలు వేసింది ఆడవాళ్ళు, పిల్లలు. హాలు అనుమతి కోసం ఒక ఆఫీసుకు నెలల తరబడి మెయిళ్ళు పెట్టినా జవాబు లేదు, చివరి వారం దాకా అందరికీ టెన్షన్. ఆఖరికి ఒక చర్చి వారు తమ హాలు ఉచితంగా ఇచ్చారు. వారికి శతకోటి ధన్యవాదాలు.

అక్టోబరు 7 గడువు లోపల ఓటరు నమోదు బల్ల కూడా పెట్టాం. టెక్సాస్‌లో 1966 దాకా రాష్ట్ర ఎన్నికల్లో ఓటు వేయాలంటే పన్ను కట్టాల్సి వచ్చేది. 1974లో విల్లీ వెలాస్కెజ్ మన ఊళ్ళోనే ఓటరు నమోదు సంస్థ పెట్టి, ఇంటింటికీ తిరిగి మీ ఓటే మీ గొంతు అని చెప్పించాడు. మనవాళ్ళేమో పౌరసత్వం వచ్చి ఏళ్ళయినా నమోదు చేసుకోవడం లేదు. జ్యూరీ సమన్లు వస్తే ఎలా తప్పించుకోవాలని గ్రూపులో అడుగుతున్నారు. నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆ జ్యూరీ కుర్చీలో కూర్చోవడానికి మెక్సికన్ అమెరికన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. సమన్లు వచ్చినవాళ్ళు దయచేసి వెళ్ళండి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు జతచేశారు. స్వల్ప మిగులు ఉంది, ఆడిట్ పూర్తయింది. చందా బాకీ ఉన్నవారు ఈ నెలాఖరులోగా కట్టాలి.

చివరిగా ఒక విన్నపం. ఓటరు నమోదు చేసే వాలంటీర్ల నియామకాలు సరి సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తాయి. కౌంటీ మళ్ళీ నియమించాలంటే కొత్తగా దరఖాస్తు చేయాలి, శిక్షణ తీసుకోవాలి. పౌరసత్వం ఉన్నవాళ్ళే అర్హులు, నింపిన ఫారాలు అయిదు రోజుల్లో ఆఫీసులో అందించాలి. అంత బాధ్యత తీసుకోగలిగినవాళ్ళే, భోజనాలకు లేచేలోపు, ముందు బల్ల దగ్గర పేరు, ఫోన్ నంబరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి