రీస్టార్ట్ ఎలాగూ చేస్తారు, ట్రేస్ పెట్టి చేయండి

సంపాదకులకు నమస్కారం.

‘సర్వర్ డౌన్’ అంటూ కౌంటర్ల దగ్గర తిప్పి పంపేస్తున్నారని ఈ శీర్షికకు పాఠకులు తరచూ రాస్తుంటారు. ఆ సర్వర్ల వెనక కూర్చునే వాళ్లలో నేనూ ఒకదాన్ని. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో అప్లికేషన్ సపోర్ట్ చేస్తున్నాను. ఫోన్ రాగానే మేం చాలాసార్లు చేసేది రీస్టార్ట్ ఒక్కటే. ఎందుకు ఆగిందో మాకూ తెలియదు.

నిరుడు ఒక క్లయింట్ దగ్గర బిల్లుల జాబితా తెరుచుకోవడానికి పది సెకన్లు పట్టేది. అంతకు నెల ముందే ఒరాకిల్ డేటాబేస్‌ను ముంబైకి మార్చారు, అప్లికేషన్ సర్వర్ మాత్రం ఇక్కడే ఉంది. ‘క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం) మా దగ్గర చిటికెలో అయిపోతోంది, మీ కోడ్ చూసుకోండి’ అని డీబీఏలు, అంటే డేటాబేస్ చూసుకునేవాళ్లు. ‘కోడ్ ముట్టుకుని ఆర్నెల్లయింది’ అని డెవలపర్లు. నాలుగు రోజులు మెయిళ్లతోనే గడిచిపోయాయి.

చివరికి జేడీబీసీ డ్రైవర్ (జావా అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ట్రేస్, అంటే అది చేసే పనులన్నీ ఫైల్లో రాసిపెట్టే ఏర్పాటు, ఆన్ చేశాం. పెద్ద విద్యేం కాదు. మా వెర్షన్‌లో మామూలు డ్రైవర్ జార్ (జావా ప్రోగ్రామ్ ఫైల్) తీసేసి, పేరు చివర ‘_జి’ ఉన్న జార్ పెట్టాలి. జావా ఆప్షన్లలో ‘ఒరాకిల్.జేడీబీసీ.ట్రేస్=ట్రూ’ అని రాసి, లాగింగ్ ఫైల్లో ఎంత వివరంగా రాయాలో లెవెల్ ఇచ్చి, రీస్టార్ట్ చేయాలి. పాత జార్ కూడా క్లాస్‌పాత్‌లో (జావా తన ఫైళ్ల కోసం వెతికే చోట్లలో) ఉండిపోతే ఏది లోడ్ అవుతుందో చెప్పలేం. మా మొదటి గంట అలాగే పోయింది.

ట్రేస్ ఫైల్ తెరిస్తే ఒక్క క్వెరీకే డేటాబేస్‌కు వందల ట్రిప్పులు! మనం ఏమీ చెప్పకపోతే ఆ డ్రైవర్ విడతకు 10 వరుసలే తెస్తుంది. 5,000 వరుసలకు 500 ట్రిప్పులు, ముంబై వెళ్లి రావడానికి ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు. ఆ పది సెకన్లూ అవే. ఫెచ్ సైజ్, అంటే విడతకు తెచ్చే వరుసల సంఖ్య, 500 చేస్తే జాబితా సెకను లోపే వచ్చింది. పాపం, రెండు వైపుల వాళ్లూ నిజమే చెప్పారు.

అలాగని ట్రేస్‌ను ఆన్‌లోనే వదిలేయకూడదు. ఒకసారి అన్నీ వివరంగా రాసే ఫైనెస్ట్ లెవెల్లో పెట్టి భోజనానికి వెళ్లి మర్చిపోయాను. సాయంత్రానికి డిస్క్ నిండి సర్వరే ఆగిపోయింది. ఆ రోజు కౌంటర్ దగ్గర నన్నెంతమంది తిట్టుకున్నారో.

ఇంకో టెన్షన్ ఉంది. క్వెరీకి పంపే విలువలు కూడా ట్రేస్‌లో పడొచ్చు. ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు ఉన్న అలాంటి ఫైల్‌ను జిప్ చేసి వాట్సాప్ గ్రూప్‌లో పడేయడం కళ్లారా చూశాను. మా టీమ్‌లో ఇప్పుడు పని అవగానే పాత జార్ తిరిగి పెట్టి, ట్రేస్ ఫైల్ తీసేసిన తర్వాతే టికెట్ (ఫిర్యాదు) క్లోజ్ చేస్తున్నాం.

— ఒక సపోర్ట్ ఇంజినీర్, నిజాంపేట, హైదరాబాద్