కొండ మీద ఉండేవాళ్లకు బస్సేది?

సంపాదకులకు నమస్కారం.

కొండ నగరాల రవాణా గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. వెంటనే రాద్దామనుకున్నా, ఇన్ని రోజులు పట్టింది. బొలీవియాలోని లాపాజ్‌లో 2014 నుంచి రోప్‌వేలే సిటీ బస్సుల్లా నడుస్తున్నాయని, 4 వేల మీటర్ల ఎత్తున్న ఎల్ ఆల్టో నుంచి జనం వాటిలోనే కిందికి పనులకు పోతారని బాగా వివరించారు. చివర్లో మాత్రం మన నల్లమలలోనూ రోప్‌వేలు వేస్తే పర్యాటకులు పెరుగుతారని రాశారు. అది చదివాక ఊరుకోలేకపోయాను. లాపాజ్‌లో తీగలు వేసింది అక్కడ బతికేవాళ్ల కోసం. మన దగ్గర కొండ మాట వస్తే చాలు, చూసిపోయేవాళ్లే గుర్తొస్తారు. నల్లమల కొండ మీది మా అమ్రాబాద్, పదర మండలాల్లో కూడా మనుషులున్నారు. మాకు రోప్‌వే వద్దు, వేళకు ఒక పల్లెవెలుగు బస్సు వస్తే చాలు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు హాజీపూర్ దాటాక ఘాటెక్కి మన్ననూరు మీదుగానే పోతుంది. పగలంతా బస్సులు తిరుగుతూనే ఉంటాయి. కానీ వాటిలో చాలావరకు దూరం బస్సులు. వటవర్లపల్లి దగ్గర చెయ్యెత్తితే ఆపరు. ఆపినా నిలబడే జాగ ఉండదు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే. అయితే అది జిల్లాల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకే. ఆ రెండూ దొరకని వేళ మా ఆడవాళ్లు ఆటోకు డబ్బులు పెట్టుకోవాల్సిందే. అచ్చంపేట సంతకు పోయే ముసలమ్మ, దవాఖానకు పోయే గర్భిణి, కాలేజీ నుంచి వచ్చే ఇంటర్ పిల్ల, అందరూ ఆ ఆటోల్లోనే. పది మంది ఎక్కాక గానీ బండి కదలదు. ఆ బండి ఘాట్ మలుపులు ఎక్కుతుంటే ఇంట్లో ఉన్నవాళ్లకు టెన్షన్. పొద్దుగూకితే అదీ దొరకదు. పిల్ల ఇల్లు చేరే దాకా తల్లిదండ్రులు రోడ్డు మీదే నిలబడే ఇళ్లు మా ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఆడపిల్ల చదువు పదో తరగతితో ఆగిపోవడానికి బస్సు లేకపోవడం కూడా కారణమేనని ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాడిగా చెబుతున్నాను.

పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలో రాకపోకలు ఆపుతారు. దానికి నేను వ్యతిరేకిని కాను, అడవి ఉండాలి, పులీ ఉండాలి. కానీ గేటు పడే వేళ తెలిసినప్పుడు, దానికి ముందు ఊళ్లవాళ్లు ఇళ్లు చేరేలా బస్సు వేళలు పెట్టాలి కదా? అర్జీలు ఇచ్చాం. తీసుకున్నవాళ్లు ప్రతిసారీ చూస్తామనే అన్నారు. ఆదాయం రాదన్నది ఇంకో జవాబు. వేళకు రాని బస్సు కోసం జనం ఎన్నాళ్లు కాచుకుంటారు? జనం ఆటో ఎక్కేశాక ఖాళీ బస్సును చూపించి రూటు దండగ అనడం ఏం న్యాయం? శివరాత్రికి స్పెషల్ బస్సులు వేస్తారు. పార్టీల సభలుంటే ఊళ్లకు రావాల్సిన బస్సులు అటు పోతాయి. మిగతా రోజుల్లో మా లెక్క ఎవరికీ పట్టదు.

అసలు పై నుంచి వచ్చే అధికారుల్లో బస్సెక్కి వచ్చినవాళ్లను నేను చూడలేదు. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పుడు ఇదే రోడ్డు మీద రాత్రింబవళ్లు వాహనాలు తిరిగాయి. తిరగాలి కూడా, అవి ప్రాణాలు. అవసరం అనుకుంటే ఈ ఘాట్ మీద ఏ బండైనా నడుస్తుందని అప్పుడు అందరం చూశాం. చెంచు పెంటల్లో, అంటే అడవి లోపలి చెంచుల గూడేల్లో, జ్వరమొచ్చిన బిడ్డదీ ప్రాణమే. అప్పాపూర్ వంటి పెంటల నుంచి మెయిన్ రోడ్డుకు రావడమే ఒక రోజు పని.

ఇప్పుడు మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా ఎలివేటెడ్ కారిడార్, అంటే స్తంభాల మీద పోయే రోడ్డు, వేసే ప్రతిపాదన నడుస్తోంది. వేల కోట్ల మాట. దాని మీద బస్సు ఎక్కడెక్కడ ఆగుతుంది? వటవర్లపల్లి వాళ్లు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి? కింది రోడ్డు ఉంటుందా, మూసేస్తారా? ఈ ప్రశ్నలు ఏ పత్రికలోనూ కనపడలేదు, మీ పత్రికలో కూడా. మీ విలేకరిని ఒక్క సాయంత్రం అచ్చంపేట బస్టాండుకు పంపండి. కాలేజీ వదిలాక అమ్రాబాద్, పదర పిల్లలతో పాటు నిలబడి, వాళ్లతో పాటే ఇల్లు చేరాక రాయమనండి. రోప్‌వేల సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అమ్రాబాద్, నాగర్‌కర్నూల్ జిల్లా