స్టుట్‌గార్ట్ నుంచి అమ్మకి

అమ్మా,

నాన్నకి బీపీ మాత్రలు మార్చారని అక్క చెప్పింది, నువ్వు చెప్పలేదు. నేను కంగారు పడతానని దాచిపెడితే, తర్వాత అక్క నోట విని రెండింతలు కంగారు పడుతున్నాను. టిఫినుకు ముందు వేసుకోమన్నారా, తర్వాతా?

ఇక నా సంగతి. ఫోన్లో మొదలుపెడితే సగంలో నాన్నకి ఇచ్చేస్తావు, అందుకే రాస్తున్నాను. మా సాఫ్ట్‌వేర్ అమ్మాలని చూస్తున్న ఆ కంపెనీ ఇంకా కొనలేదు. "అవుతుందిలే" అన్నప్పుడల్లా నీ గొంతులో అనుమానం వినిపిస్తూనే ఉంది. బావగారైతే "ఎండీని పట్టుకోమను, ఒక్క ఫోన్‌తో అయిపోతుంది" అన్నారట. ఆయన రొయ్యల మేత అమ్మేది చెరువు యజమానికి. అక్కడ డబ్బూ అతనిదే, నిర్ణయమూ అతనిదే. ఇక్కడ మా సాఫ్ట్‌వేర్ వాడేది ఫ్యాక్టరీ మెకానిక్కులు, కావాలన్నది మెయింటెనెన్స్ హెడ్, డబ్బివ్వాల్సింది ఫైనాన్స్ డైరెక్టర్, ధర తగ్గించమని పీక్కుతినేది పర్చేజ్ వాళ్ళు. మధ్యలో ఐటీ, డేటా రక్షణ ఆఫీసరు. సరేననగలిగేది ఒకరిద్దరే, అడ్డుపడగలిగేది మాత్రం అందరూ. పైవాళ్ళ చేత చెప్పిస్తే కిందవాళ్ళు ఎదురు చెప్పరు, ఫైలు పక్కన పడేస్తారంతే. బావగారికి ఇది మర్యాదగా చెప్పు.

ఈ ముక్క నాన్నకి చదివి వినిపించు. ఇక్కడ జర్మనీలో బెట్రీబ్స్‌రాట్ అని ఒకటుంటుంది. ఉద్యోగులు నాలుగేళ్ళకోసారి ఓట్లేసి ఎన్నుకునే కమిటీ. యూనియన్ వేరు, ఇది వేరు. పనివాళ్ళ మీద కన్నేసి ఉంచగల ఏ మిషన్ పెట్టాలన్నా, సాఫ్ట్‌వేర్ అయినా సరే, ఈ కమిటీ ఒప్పుకోవాలి. 1972 నాటి చట్టం, 87వ సెక్షన్. ఎండీ సంతకం పెట్టినా వీళ్ళని కాదని మొదలుపెట్టలేరు. తేలకపోతే మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళాల్సిందే.

మొన్న మంగళవారం నన్ను వాళ్ళ ముందు కూర్చోబెట్టారు. ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, షాప్ ఫ్లోర్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, సేఫ్టీ బూట్లు కాళ్ళకే ఉన్నాయి. స్క్రీన్ మీద ఒక గడి చూపించి "ఈ టైమ్ ఎవరికి కనిపిస్తుంది?" అంది. మెకానిక్కు పని ఎప్పుడు మొదలుపెట్టాడో, ఎప్పుడు ముగించాడో పడే గడి అది. ఫోర్‌మన్‌కి, అన్నాను. "పేరుతో సహానా?" పేరుతోనే. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. లోపల మా తరఫున మాట్లాడే మెయింటెనెన్స్ హెడ్, మా భాషలో ఛాంపియన్, నా వైపు చూడకుండా నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. డిపోలో కొత్తగా టిక్కెట్ మిషన్లు ఇచ్చినప్పుడు నాన్న అన్నం దగ్గర గొణుక్కున్నవన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ మీద కోపం రాలేదమ్మా. పేర్లు తీసేసి టీమ్ వారీగా చూపించేలా మారుస్తున్నాం. ఆ డేటా ఎన్నాళ్ళుంచి చెరిపేస్తారో కూడా కంపెనీకీ కమిటీకీ మధ్య కాగితం మీద రాసుకుంటారు. నన్నడిగితే, ఈ బేరంలో అందరికంటే పనికొచ్చే ప్రశ్న ఆవిడదే.

ఫైనాన్స్ డైరెక్టర్‌కి ఈ గొడవలేవీ పట్టవు. మిషన్ గంటసేపు ఆగితే నష్టమెంత, పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది, అంతే. ఆయనతో మాట్లాడటానికి మా డైరెక్టర్ లండన్ నుంచి వస్తున్నాడు. నాకు చేతకాక అనుకునేవు! హోదాకి తగ్గ హోదా ఉండాలిగా. ఏం మాట్లాడాలో ఆయనకి రాసిచ్చేది నేనే.

అన్నీ కుదిరినా వాళ్ళ వైపు రెండు సంతకాలు పడాలి. ప్రొకూరా అని, కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం కొందరికే ఇస్తారు. డిసెంబర్ 20 దాటితే వాళ్ళెవరూ దొరకరు, అంతా క్రిస్మస్ సెలవులు. అందుకే జనవరి అంటున్నాను. ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. ఇలాంటివి ఏడాది కూడా పడతాయని మా బాస్‌కీ తెలుసు. నువ్వు దీని కోసం ఉపవాసాలు మొదలుపెట్టకు.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది. పని ఉన్న రోజు తెలియదు, శనివారాలే గడవవు. పోయిన వారం ఉలవచారు పెట్టాను, బాగానే కుదిరింది, తినడానికే ఎవరూ లేరు.

పార్సిల్లో నెయ్యి పెట్టొద్దు. బయటి దేశాల పాల పదార్థాలు ఇక్కడికి రానివ్వరు, కస్టమ్స్ వాళ్ళు తీసి పారేస్తారు. కందిపొడి, కారం ఎక్కువ పెట్టు. సంక్రాంతికి రావడం కుదరదు, ఉగాదికి చూస్తాను. పిన్ని కూతురికి సంబంధం చూస్తున్నారట, ఏమైంది? ఆదివారం ఫోన్ చేస్తాను, నీ సీరియల్ అయ్యాకే.

మీ చిన్నమ్మాయి