కాలువ చివరి ఊరి ఓటు లెక్క వేరు

ఎడిటర్ గారికి,

ఎన్నికలైపోగానే టీవీల్లోనూ, మీ పేపర్‌తో సహా అన్ని పేపర్లలోనూ ఒకటే పాట: ఏ కులం ఎటు పోయింది, ఏ పథకం ఓట్లు రాల్చింది. పథకం రాష్ట్రమంతా ఒక్కటే కదండీ, మరి ఒక చోట రాలిన ఓట్లు ఇంకో చోట ఎందుకు రాలవు? ఆ ఊరు ఎక్కడుంది, దానికి నీళ్లెక్కడివి అని ఎవరూ అడగరు.

మన ఉమ్మడి వరంగల్ జిల్లా 12 అసెంబ్లీ సీట్లే చూడండి. 2018లో టీఆర్ఎస్‌కు 10, కాంగ్రెస్‌కు 2. 2023లో అచ్చం తిరగబడింది: కాంగ్రెస్‌కు 10, బీఆర్ఎస్‌గా పేరు మారిన టీఆర్ఎస్‌కు 2. 2018లో అంత కారు గాలిలోనూ కాంగ్రెస్‌కు దక్కినవి ములుగు, భూపాలపల్లి, అంటే గోదావరి వైపు, అడవి, పోడు (అడవి నరికి చేసే సాగు). 2023లో బీఆర్ఎస్‌కు మిగిలినవి జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, అంటే దేవాదుల ఎత్తిపోతల పథకం నీళ్లు చూసిన మెట్ట. (ఘన్‌పూర్‌లో గెలిచిన కడియం శ్రీహరి గారు నాలుగు నెలలకే కాంగ్రెస్‌లోకి వెళ్లారు, అది వేరే ముచ్చట.) ఆ దేవాదుల నీళ్లు ఎత్తిపోసేది ములుగు జిల్లాలోని గోదావరి నుంచే. కళ్లముందే నది పోతుంటే నీళ్లు పైకెక్కి ఇంకెక్కడికో పోతాయి, వరదొస్తే మాత్రం మునిగేది మేమే అని ములుగులోని ఏటూరునాగారం వైపు మనిషికి కడుపుమంట ఉండదా? ములుగులో గెలిచిన సీతక్క గారి సొంత బలం ఉంది, కాదనను, కానీ అదొక్కటే కాదు.

ఇక రైతుబంధు, అంటే బీఆర్ఎస్ ప్రభుత్వం రైతుకిచ్చిన పెట్టుబడి సాయం. 2018లో సీజన్‌కు ఎకరానికి 4 వేలతో మొదలై 5 వేలైంది. పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్లకే పడేది. పత్తి చేను కౌలుకు తీసుకుని యూరియా బస్తా మోసేది ఒకరు, టింగుమని మెసేజ్ మోగేది హన్మకొండలో కూర్చున్న ఆసామి ఫోన్‌లో. పట్టా లేని పోడు రైతుకు ఆ మోత కూడా ఉండేది కాదు. అదే పథకం సొంత భూములు ఎక్కువున్న ఊళ్లో దేవుడిచ్చిన వరం, కౌలు ఎక్కువున్న ఊళ్లో కోపం.

నిజామాబాద్‌లోనూ రైతుబంధు పడింది. అయినా 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు రైతులు 178 మంది నామినేషన్లు వేసి కూర్చున్నారు, పసుపు బోర్డు తెస్తానని బాండు పేపర్ రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి గెలిచారు, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కూతురు కవిత ఓడిపోయారు. 2023లో బీజేపీ గెలిచిన 8 సీట్లలో 7 పాత ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలవే, మన వరంగల్‌లో సున్నా. మతం అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. మతం ఉంది, కానీ పసుపు ధర, గల్ఫ్ బాకీలు, మహారాష్ట్ర సరిహద్దు కూడా ఉన్నాయి కదా.

బయటి దేశాల్లోనూ ఇంతే. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని బ్రిటన్‌లో జరిగిన 2016 బ్రెగ్జిట్ ఓటింగ్‌లో లండన్ ఉండాలనే వైపు, మూతపడ్డ గనుల ఊళ్లు చాలావరకు బయటికి పోవాలనే వైపు. జనాకర్షక నాయకుడి మాట ముందు చెవికెక్కేది, మమ్మల్ని పట్టించుకునే దిక్కులేదు అనుకునే చోటే.

మీకొక పని చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ఎన్నికల సంఘం ఫలితాల పత్రం ఫారం 20లో బూత్‌వారీ ఓట్లు ఉంటాయి. ఒక్క నియోజకవర్గం తీసుకుని, ఆ బూత్‌ల పక్కన కాలువ నీళ్లు అందే ఊరా కాదా, కౌలు ఎంత, పట్టా లేని భూమి ఎంత అని మీ మండల విలేకరులతో రాయించి వేయండి. కులాల లెక్క పక్క పేజీలో వేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

— ఒక పాఠకుడు, హన్మకొండ