ఫారంలో ఆ రెండు గళ్ళూ మార్చి రాయి తల్లీ

తల్లీ,

సోమవారం రాత్రి నువ్వు పంపిన క్యాంపు హెల్త్ ఫారం ఫోటో చూశాను. సంతకం పెట్టి పొద్దున్నే పంపమన్నావు. ఇవాళ బుధవారం, ఇంకా పెట్టలేదు. రెండు రోజుల నుంచి కోచ్ గారు నిన్ను ట్రాక్ మీదకి రానివ్వకపోవడానికి కారణం కూడా నేనే. ఆ రాత్రే ఆయనకి ఫోన్ చేశాను. నీకు కోపంగా ఉందని తెలుసు. నీకూ ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, మధ్యలో ఏడుస్తానని భయం వేసింది. అందుకే కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నాను. చివరిదాకా చదువు.

ఆ ఫారంలో అన్ని ప్రశ్నలకీ 'లేదు, లేదు' అని పై నుంచి కిందికి టిక్కులు పెట్టుకుంటూ పోయావు. అందులో రెండు తప్పు. ఒకటి నీకు తెలిసి రాసిన తప్పు. రెండోది నీకు తెలియక రాసింది. ఆ రెండోది నీ తప్పు కాదు, నాదీ మీ అమ్మమ్మదీ.

మొదటిది ఇది: "పరిగెడుతున్నప్పుడు గానీ, ఆడుతున్నప్పుడు గానీ ఎప్పుడైనా స్పృహ తప్పిందా?" తొమ్మిదో తరగతిలో జోనల్ మీట్ గుర్తు లేదా? నాలుగొందల మీటర్లలో రెండో మలుపు దగ్గర ముందుకి పడిపోయావు. కాలు తట్టుకుని పడలేదు, చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. గడ్డం చీరుకుపోయి మూడు కుట్లు పడ్డాయి. పీఈటీ గారు గ్లూకోజ్ నీళ్ళు తాగించారు. పొద్దున టిఫిన్ చేయలేదు, ఎండగా ఉంది, అందుకే అని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. రేసు అయిపోయాక ఆగి నిలబడినప్పుడు కళ్ళు తిరిగి పడటం చాలామందికి జరుగుతుందట. కాళ్ళలోకి చేరిన రక్తం ఒక్కసారిగా పైకి రాక అలా అవుతుందట. నువ్వు మాత్రం పరుగు మధ్యలో పడిపోయావు. ఆ రెండిటికీ చాలా తేడా ఉందని నిన్న డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలియదు.

రెండో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. "మీ కుటుంబంలో ఎవరైనా 35 ఏళ్ళ లోపు కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయారా? నీట మునిగి చనిపోయినా రాయండి." నువ్వు 'లేదు' అని పెట్టావు. ఎందుకు పెట్టవు? నీకు మేం ఎప్పుడూ చెప్పలేదు కదా.

నాకు ఒక అన్నయ్య ఉండేవాడు. నీకు మామయ్య. 1997 ఆగస్టులో పోయాడు. వాడికి పందొమ్మిదేళ్ళు, నాకు పదిహేను.

మన ఊరి లాకులు నువ్వు చూశావు. ఆ రోజుల్లో వానాకాలం కాలవ నిండా నీళ్ళు వదిలితే కుర్రాళ్ళంతా అక్కడే ఉండేవారు. అన్నయ్య లాకు గోడ మీద నుంచి దూకి, నీళ్ళలోపలే ఈదుకుంటూ అవతలి గట్టున తేలేవాడు. ఊళ్ళో చిన్న పిల్లలకి ఈత నేర్పింది వాడే. నా నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి నాకూ నేర్పాడు. ఆ రోజు ఎప్పటిలాగే దూకాడు. రెండు బారలు వేశాడు, అంతే. చెయ్యి ఎత్తలేదు, కేక వెయ్యలేదు. ఊపిరి బిగబట్టి ఆట పట్టిస్తున్నాడని స్నేహితులు నవ్వుతూ చూస్తున్నారట. వాళ్ళకి అనుమానం వచ్చి దిగేసరికి ఆలస్యమైపోయింది.

అంత ఈతగాడు ఎలా మునిగిపోయాడని ఊరంతా అడిగింది. జాతకంలో జలగండం ఉందన్నారు సిద్ధాంతి గారు. ఆ ఒక్క మాట మీద ఇంట్లో అందరం ఊరుకున్నాం. అమ్మమ్మ ఆ తర్వాత వాడి మాట ఎత్తనివ్వలేదు, ఫోటో గోడ మీద పెట్టనివ్వలేదు. 2015 పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళినప్పుడు అందరూ మునుగుతుంటే నిన్ను మాత్రం మెట్ల మీదే కూర్చోబెట్టి నెత్తిన నీళ్ళు చల్లింది కదా. ఎందుకని ఏడ్చావు. జలుబు చేస్తుందని చెప్పాను. అసలు సంగతి అది కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. పోవడానికి ఏడాది ముందు అన్నయ్య సంక్రాంతికి కబడ్డీ ఆడుతూ కూతకి వెళ్ళి అవతలి గీత దగ్గర పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. ఫిట్స్ అన్నారు. ఎవరో పరిగెత్తుకొచ్చి తాళం చెవుల గుత్తి వాడి చేతిలో పెట్టారు. వేళ్ళు బిగించి పట్టుకున్నాడు, నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. రెండు నిమిషాల్లో లేచి కూర్చుని "ఏమైంది?" అని అడిగాడు. తర్వాత తాయెత్తు కట్టించారు. గుండె సంగతి ఎవరికీ తట్టలేదు. పందొమ్మిదేళ్ళవాడి గుండె గురించి ఎవరు ఆలోచిస్తారు?

సోమవారం రాత్రి ఆ ప్రశ్న చదివాక నాకు నిద్ర పట్టలేదు. మంగళవారం స్కూలుకి సెలవు పెట్టి రాజమండ్రిలో గుండె డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య సంగతి, నువ్వు పడిపోయిన సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి విన్నారు. ముందు నాకే ఈసీజీ తీయించారు.

ఆ ఈసీజీ కాగితం గులాబీ రంగు గళ్ళతో ఉంటుంది. అడ్డంగా ఒక పెద్ద గడి అంటే 0.2 సెకన్లు. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకోవడానికి లోపలి కరెంటు సర్దుకోవాలట. గీతలో 'క్యూ' అనే చోట మొదలై 'టీ' అనే చోట ముగిసే భాగం అదేనని వేలు పెట్టి చూపించారు. కొందరికి పుట్టుకతోనే ఆ సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. లాంగ్ క్యూటీ అంటారు. దాదాపు రెండు వేల మందిలో ఒకరికి ఉంటుందట. అందులో ఒక రకం వాళ్ళకి పరుగెత్తేటప్పుడు, ముఖ్యంగా ఈదేటప్పుడు, గుండె లయ తప్పుతుంది. మెదడుకి రక్తం అందక పడిపోతారు. చూసేవాళ్ళకి ఫిట్స్‌లా కనిపిస్తుంది. బాగా ఈత వచ్చినవాళ్ళు నీళ్ళలో పోయారంటే డాక్టర్లు దీన్ని కూడా అనుమానిస్తారట.

ఆ మాట వినగానే నాకు లాకులే కనిపించాయి తల్లీ.

మామయ్యకి అదే ఉందని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, ఇరవై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. నీకు ఉందని కూడా నేను అనడం లేదు. నా ఈసీజీ బాగానే ఉందన్నారు. కానీ ఈ జబ్బు లోపల ఉన్నా కొందరికి ఈసీజీ మామూలుగానే వస్తుందట, అందుకని నాది బాగుంది కాబట్టి నీది చూడక్కర్లేదనడానికి లేదు. ఉన్నవాళ్ళ పిల్లల్లో ఒక్కొక్కరికీ రావడానికి సగానికి సగం అవకాశం ఉంటుంది. నువ్వు పరుగు మధ్యలో పడిపోయావు కాబట్టి ఈసీజీ, గుండె స్కానింగ్, ట్రెడ్‌మిల్ టెస్టు మూడూ అయ్యేదాకా నిన్ను పరిగెత్తనివ్వొద్దని గట్టిగా చెప్పారు. ఆవిడ చెప్పింది, నేను చేస్తున్నాను. ఇందులో బేరం లేదు.

పోయినేడాది క్యాంపులో కూడా మెడికల్ అయిందన్నావు. ఎలా అయిందో నువ్వే నవ్వుతూ చెప్పావు. ఎత్తు, బరువు రాసుకుని, "ఏం ప్రాబ్లం లేదుగా?" అని అడిగి, నలభై మందికి గంటలో సంతకాలు పెట్టేశారు. ఒంటి మీద స్టెతస్కోపు పెట్టలేదు. అది విని నేనూ నవ్వాను. అప్పుడు అలా నవ్వి ఊరుకున్నందుకు ఇప్పుడు ఎంత బాధగా ఉందో చెప్పలేను.

ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడేవాళ్ళందరికీ ఈసీజీతో సహా పరీక్ష చట్టప్రకారం తప్పనిసరి. అక్కడ వెనెటో ప్రాంతంలో పరీక్షలు మొదలయ్యాక ఆటగాళ్ళ హఠాన్మరణాలు 89 శాతం తగ్గాయని 2006లో ప్రచురించారు. అమెరికాలో అలా అందరికీ ఈసీజీ తియ్యరు. అక్కడి గుండె వైద్యుల సంఘం 14 అంశాలు ఇచ్చింది. ఆటగాడి సొంత సంగతులు, కుటుంబంలో జరిగినవి అడుగుతారు, తర్వాత బీపీ, గుండె చప్పుడు, తొడ దగ్గర నాడి చూస్తారు. ఎవరి పద్ధతి మంచిదని వాళ్ళలో వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు అర్థమైంది ఒక్కటే. మన దగ్గర ఈసీజీ అందరికీ తీయడం లేదు. అలాంటప్పుడు నువ్వు ఆ ఫారంలో రాసే జవాబే పరీక్ష. నువ్వు 'లేదు' అని రాస్తే ఎంత మంచి డాక్టరు అయినా ఇంకేం చూస్తారు?

ఎందుకు రాయలేదో కూడా నాకు తెలుసు. ఉన్నది రాస్తే క్యాంపు నుంచి పంపించేస్తారని భయం. మంచం పక్కన హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజీ ఫోటో అంటించుకున్న పిల్లవి, ఆ భయం నాకు అర్థం కాదా? అందుకే ఒక అబ్బాయి సంగతి చెబుతాను. అన్వర్ అలీ అని పంజాబ్ కుర్రాడు, 2017లో అండర్-17 ప్రపంచ కప్‌లో మన దేశానికి ఫుట్‌బాల్ ఆడాడు. 2019లో క్లబ్బు మెడికల్‌లో అతని గుండె కండరం మందంగా ఉందని తేలింది. ఆడొద్దన్నారు. పెద్ద డాక్టర్లకి చూపించుకున్నాడు, కోర్టుకి వెళ్ళాడు, మళ్ళీ పరీక్షలు చేయించుకున్నాడు. చివరికి అనుమతి వచ్చింది, 2022లో ఇండియా సీనియర్ జట్టుకే ఆడాడు. అందరికీ అలా జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ అతను తనకేముందో తెలుసుకుని ఆడుతున్నాడు. నీ విషయంలో కూడా, ఒకవేళ లాంగ్ క్యూటీ అని తేలినా రోజూ వేసుకునే మాత్రలు ఉన్నాయి. పరుగులో ఇబ్బంది వచ్చే ఆ రకానికి అవి బాగా పనిచేస్తాయట. పరిగెత్తొచ్చా లేదా అన్నది అప్పుడు డాక్టర్లతో కూర్చుని మాట్లాడదాం. అప్పుడు నీ పక్షాన అడిగేదాన్ని నేనే.

తేలేదాకా ఇంకో జాగ్రత్త. గొంతు నొప్పి వస్తే మెడికల్ షాపులో అడిగి ఆజిత్రోమైసిన్ వేసుకుంటావు చూడు, అది వేసుకోకు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి అలాంటి కొన్ని మందులు ప్రమాదం. ఏ మాత్ర అయినా నాకు ఫోన్ చేశాకే.

నెలసరి ప్రశ్న ఖాళీగా వదిలేశావు. మూడు నెలలుగా రావడం లేదని వేసవిలో చెప్పి, "హాయిగా ఉందమ్మా" అన్నావు. హాయి కాదు. చేసే ప్రాక్టీసుకి తినే తిండి చాలకపోతే అలా ఆగిపోతుంది, తర్వాత ఎముకలు బలహీనపడి చిన్న చిన్న పగుళ్ళు వస్తాయి. అది కూడా రాయి, సిగ్గుపడకు. రక్తం కూడా పరీక్ష చేయిద్దాం. నీ వయసు ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మా స్కూల్లో నీలం రంగు ఐరన్ మాత్రలు నా చేత్తోనే పంచుతున్నాను, నా కూతురికి హిమోగ్లోబిన్ 12 ఉందో లేదో మాత్రం నాకు తెలియదు. చీలమండ బెణికింది కూడా ఫారంలో వెయ్యి.

అన్ని పరీక్షలూ బాగున్నా గుండె విషయంలో పూర్తి భరోసా ఉండదని కూడా తెలుసుకో. డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్సన్ పెద్ద క్లబ్బుల్లో ఆడినవాడు, ఏటా పరీక్షలు జరిగేవే. 2021 జూన్‌లో కోపెన్‌హాగెన్‌లో మ్యాచ్ మధ్యలో గుండె ఆగి పడిపోయాడు. వెంటనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చే మెషీన్ పెట్టారు కాబట్టి బతికాడు, ఎనిమిది నెలల్లో మళ్ళీ ఆడాడు. ఆ మెషీన్‌ని ఏఈడీ అంటారు. మీ స్టేడియంలో ఉందా అని కోచ్ గారిని అడిగాను. కనుక్కుని చెబుతానన్నారు. మీ రూమ్‌లో పిల్లలు నలుగురూ సీపీఆర్, అంటే అలా ఛాతీ నొక్కడం, నేర్చుకోండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు నొక్కాలి. ఎవరైనా పడిపోతే తాళం చెవులు వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఇక శనివారం సంగతి. రత్నాచల్‌లో వైజాగ్ వస్తున్నాను. ఇక్కడి డాక్టరు గారే అక్కడ ఒక గుండె డాక్టరుకి ఉత్తరం రాసిచ్చారు, మధ్యాహ్నం రెండు గంటలకి అపాయింట్‌మెంట్. ముందు గుండీలు ఉన్న చొక్కా వేసుకో. ఈసీజీ నొప్పేమీ ఉండదు. జిగురుగా చల్లటి జెల్ రాసి, ఛాతీ మీద ఆరు బుడిపెలు, కాళ్ళకీ చేతులకీ క్లిప్పులు పెడతారు. తీసేది ఆడపిల్లే ఉండాలని ముందే అడిగాను. నేను పక్కనే ఉంటాను.

నిన్న రాత్రి అమ్మమ్మకి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బీరువా అడుగు నుంచి ఒక కవరు తీసి ఇచ్చింది. అందులో అన్నయ్య పదో తరగతి హాల్ టికెట్ ఫోటో ఉంది. అచ్చం నీ కళ్ళే. "దానికి చూపించు" అంది. పట్టుకొస్తున్నాను.

కోచ్ గారిని ఇంకో ఫారం అడుగు. కొట్టివేతలు లేకుండా నింపు. స్పృహ తప్పిందా అన్నచోట 'అవును, 400 మీటర్ల పరుగు మధ్యలో, 14 ఏళ్ళ వయసులో' అని రాయి. కుటుంబం దగ్గర 'అవును, మామయ్య, 19 ఏళ్ళు, ఈదుతూ. ఏడాది ముందు ఆటలో ఒకసారి పడిపోయారు' అని రాయి. జలగండం అని మాత్రం రాయకు. కింద నేను సంతకం పెడతాను.

స్టేషన్‌కి వచ్చేటప్పుడు ఆటోలో రా. నన్ను ప్లాట్‌ఫాం మీద చూడగానే పరిగెత్తుకు రాకు, నేనే వస్తాను నీ దగ్గరికి.

మీ అమ్మ