పంది ఊపిరితిత్తుల పటంలో తేడాలూ చూపాలి

పంది ఊపిరితిత్తుల్లో ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే పటాలపై వస్తున్న వార్తల్లో ‘అచ్చం మనిషిలాగే’ అన్న మాటే వినిపిస్తోంది, తేడాల ఊసే ఉండటం లేదు. పోలిక ఉన్నమాట నిజమే: సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కని జిగురు పేరుకునే వంశపారంపర్య జబ్బు) జన్యులోపంతో పుట్టించిన పందులకు మనుషుల్లాంటి ఊపిరితిత్తుల జబ్బే వచ్చింది, ఎలుకలకు అలా రాలేదు. కానీ పంది ఊపిరితిత్తుల్లో సన్నని రక్తనాళాల లోపలి గోడలకు అంటుకుని మాక్రోఫేజ్ కణాలు (క్రిములను మింగేసే రోగనిరోధక కణాలు) దండిగా ఉంటాయి. ఆరోగ్యవంతుడైన మనిషిలో అవి సాధారణంగా కనిపించవు. పందిలో రక్తంలో చేరిన బ్యాక్టీరియాను ఎక్కువగా పట్టేసేది అవే కనుక సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌తో ఒళ్లంతా దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) పరిశోధనలోనూ, పంది అవయవాలను మనిషికి మార్పిడి చేయడంలోనూ ఇది చిన్న విషయం కాదు. ఇలాంటి డేటాతో పనిచేసేవాడిగా ఇంకోటి గమనించాను. కణజాలాన్ని ఎంజైములతో విడదీసేటప్పుడు గాలిగదుల గోడల్లోని పలుచని టైప్-1 కణాలు చాలావరకు చితికిపోతాయి. గట్టిపిండాలైన రోగనిరోధక కణాలు మిగులుతాయి. చివరికి తెరమీద ఒక్కో కణానికి ఒక్కో చుక్కగా గీసిన పటంలో మాక్రోఫేజ్‌లదే పెద్ద గుంపు, టైప్-1 కణాలది ఓ మూల చిన్న మరక. ఆ గుంపులకు మనిషి పటంలోని పేర్లే తెచ్చి అతికిస్తే పందికే ప్రత్యేకమైన కణాలు వేరే పేరు కింద కలిసిపోతాయి. కాబట్టి పటం విడుదల చేసేవారు పంది జాతి, వయసు, లింగం, ముక్క తీసిన చోటు, కణాలు విడదీసిన పద్ధతి ముడి డేటాతోపాటే ఇవ్వాలి. కణాల్లోని కేంద్రకాలను మాత్రమే వేరుచేసి చదివే పద్ధతితోనూ ఫలితాలు సరిచూడాలి. పత్రికలూ పోలిక రాసిన చోటే తేడాకు ఒక్క వాక్యమైనా కేటాయించాలి.