సోనిక్స్ రావాలి, కానీ ఈసారి లీజు గట్టిగా ఉండాలి

సంపాదక మహాశయా,

సియాటెల్‌కు ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు మళ్లీ వస్తుందన్న వార్తలు తెలుగు పత్రికల అమెరికా పేజీల్లోనూ వస్తున్నాయి. సంతోషం. కానీ 2008లో ఆదరణ లేకనే ఇక్కడి పాత జట్టు సూపర్‌సోనిక్స్ (సోనిక్స్) ఊరు వదిలి వెళ్లిందన్న మాట కూడా వాటితో పాటే వినిపిస్తోంది. అది నిజం కాదు. 1967 నుంచి 41 సీజన్లు ఈ ఊళ్లో ఆడి, 1979లో టైటిల్ గెలిచిన జట్టది. స్టేడియం లెక్కలు కుదరక, లీజు పట్టు చాలక పోయింది. ఈ సంగతి మరిచిపోతే రేపు వచ్చే జట్టునూ నిలుపుకోలేం.

సోనిక్స్ ఆడే స్టేడియం కీ అరీనాను నగరం సొమ్ముతో 1995లో దాదాపు కొత్తగా కట్టారు. అయితే లోపలి స్థలాన్ని బాస్కెట్‌బాల్ కొలతలకే సరిపెట్టారు. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 94 అడుగులు, వెడల్పు 50. ఐస్ హాకీ రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అక్కడ రింకు పరిస్తే ఒక చివర సీట్ల వాళ్లకు ఆట సరిగా కనబడదు. దాంతో ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ జట్టు వచ్చే దారి మూసుకుపోయింది, చలికాలపు సాయంత్రాలు చాలా ఖాళీగా మిగిలాయి. సుమారు 17 వేల సీట్లతో లీగ్‌లో అదే చిన్నది. లగ్జరీ బాక్సులు, క్లబ్ సీట్లు, తినుబండారాల రాబడిని జట్టు, నగరం పంచుకోవాలి, నగరం అప్పు అందులోంచే తీరాలి. ఖరీదైన సీట్ల అమ్మకం తగ్గేసరికి ఇద్దరికీ చాలలేదు.

2001లో 20 కోట్ల డాలర్లకు జట్టును కొన్న హోవర్డ్ షుల్ట్జ్ బృందం, 2006లో 35 కోట్లకు ఓక్లహోమా సిటీకి చెందిన క్లే బెనెట్ బృందానికి అమ్మేసింది. ఆ నవంబరులోనే సియాటెల్ ఓటర్లు ఇనిషియేటివ్ 91 అనే ప్రజా ప్రతిపాదనను భారీ ఆధిక్యంతో ఆమోదించారు. ప్రొఫెషనల్ జట్లకు నగరం పెట్టే సొమ్ముపై కనీసం అమెరికా ప్రభుత్వ ట్రెజరీ బాండ్లపాటి రాబడి రావాలన్నది దాని సారాంశం. జట్టు పోవడానికి ఈ ఓటే కారణమని ఇప్పటికీ నిందించేవారున్నారు. మేము ఒప్పుకోం. బడి, బస్సు, రోడ్డు మీద పెట్టాల్సిన డబ్బును కోటీశ్వరుల వ్యాపారంలో పోసేటప్పుడు రాబడి అడగడం ప్రజల హక్కు.

అసలు దెబ్బ లీజు దగ్గర తగిలింది. నగరంతో జట్టుకున్న కీ అరీనా లీజు గడువు 2010 సెప్టెంబరు దాకా ఉంది. డబ్బు కట్టి తప్పుకోవడానికి వీల్లేదు, ఇక్కడే ఆడాలని కోర్టు ద్వారా నిలబెట్టుకునే షరతు కూడా అందులో ఉంది. దాన్ని నిలబెట్టుకోవడానికి నగరం 2007లోనే కోర్టుకెక్కింది. తర్వాత 2.65 కోట్ల డాలర్లు ఇస్తాం, వదిలేయమని యజమానులు అడిగినా ఒప్పుకోలేదు. 2008 మార్చిలో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ తదితర స్థానిక వ్యాపారులు 30 కోట్ల కీ అరీనా ఆధునికీకరణలో సగం తాము భరిస్తామన్నారు. రాష్ట్ర శాసనసభ కదల్లేదు. చివరికి జులై 2న, తీర్పు వెలువడాల్సిన రోజే, నగరం 4.5 కోట్లు తీసుకుని రాజీ పడింది. ఇంకో 3 కోట్లు రావడానికి పెట్టిన షరతు శాసనసభ నిధుల మంజూరుతో ముడిపడింది. ఆ మంజూరూ కాలేదు, ఆ డబ్బూ రాలేదు. రెండేళ్ల గడువు చేతిలో ఉండగా రాజీ పడటం పెద్ద పొరపాటని మా గట్టి అభిప్రాయం. జట్టును కొని ఇక్కడే ఉంచే స్థానికులు ముందుకు రావడానికి మిగిలిన వ్యవధి అదొక్కటే.

జట్టు ఓక్లహోమా సిటీకి పోయినా పేరు, రంగులు మాత్రం సియాటెల్‌కే దక్కాయి. హైదరాబాద్‌ వాళ్లకు ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. 2012లో డెక్కన్ ఛార్జర్స్ రద్దయితే 2013 సీజన్‌కల్లా సన్‌రైజర్స్ వచ్చింది, ఒక్క ఐపీఎల్ కూడా తప్పలేదు. కానీ ఛార్జర్స్ పేరు, 2009 టైటిల్ కొత్త జట్టు ఖాతాలోకి రాలేదు. ఇక్కడ అందుకు పూర్తిగా తలకిందులు: పేరు మిగిలింది, జట్టు లేదు.

మరో ఊరి జట్టును తెచ్చుకునే ప్రయత్నమూ జరిగింది. 2013లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కింగ్స్‌ను సియాటెల్‌కు తరలించడాన్ని లీగ్ యజమానులు 22-8 ఓట్లతో తిరస్కరించారు. ముంబయిలో పుట్టిన వివేక్ రణదివే ఆ జట్టును కొని అక్కడే ఉంచారు. మనకు జరిగిన అన్యాయం ఇంకో ఊరికి జరగకపోవడమే మంచిదైంది.

కాబట్టి మిగిలిన దారి లీగ్ విస్తరణ, అంటే కొత్త జట్లను చేర్చుకోవడం. దానికి 30 మంది యజమానుల్లో నాలుగింట మూడొంతులు, అంటే 23 ఓట్లు కావాలి. వాళ్ల తటపటాయింపుకు కారణం లెక్కే. 2025-26 నుంచి 11 ఏళ్లకు టీవీ ఒప్పందాల విలువ 7,600 కోట్ల డాలర్లు. ఆటగాళ్ల వాటా తీయకముందు సగటున జట్టుకు ఏడాదికి 23 కోట్లు. రెండు కొత్త జట్లు చేరి 32 అయితే అది 21.6 కోట్లకు దిగుతుంది. ఒక్కో కొత్త జట్టు 500 కోట్లు ప్రవేశ రుసుం కడుతుందనుకుంటే పాత యజమానులకు తలా 33 కోట్లు ఒక్కసారిగా వస్తాయి. ఆ రుసుంలో ఆటగాళ్లకు వాటా ఉండదు.

స్టేడియం బెంగ ఇప్పుడు లేదు. కీ అరీనా పాత పైకప్పును దాదాపు 20 వేల టన్నుల బరువుతో అలాగే గాల్లో నిలబెట్టి, కింద తవ్వి, 2021లో క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాను తెరిచారు. ఖర్చు ప్రైవేటుది, హాకీకీ చోటుంది. కాకపోతే హాకీ, ఎన్‌బీఏ జట్లు రెండింటికీ చెరి నలభైకి పైగా సొంతగడ్డ మ్యాచ్‌లు. ఆటకూ ఆటకూ మధ్య మంచుపై వేడి చొరని పలకలు పరిచి, వాటిపై మేపుల్ చెక్క కోర్టు బిగించాలి. లోపలి గాలిలో తేమ పెరిగితే చల్లని చెక్కపై నీటి చెమ్మ పేరుకుని ఆటగాళ్లు జారిపడతారు. 2016 నవంబరు 30న ఫిలడెల్ఫియాలో సిక్సర్స్-కింగ్స్ మ్యాచ్ వాయిదా పడింది ఇందుకే. తేమ తీసే యంత్రాల నిర్వహణ ఎవరిదో, మ్యాచ్ ఆగితే నష్టం ఎవరిదో ముందే రాసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒహాయోలో 1996 నుంచి ఉన్న చట్టం లాంటిది వాషింగ్టన్ రాష్ట్రానికీ కావాలి. ప్రజాధనం అందిన స్టేడియంలో ఆడే జట్టు ఊరు వదలాలంటే (2025 సవరణ తర్వాత, రాష్ట్రం దాటాలంటే) అక్కడ నగరం ఒప్పుకోవాలి, లేదంటే ఆరు నెలల ముందు నోటీసిచ్చి, స్థానికులకు కొనే అవకాశమివ్వాలి. మన స్టేడియం ప్రైవేటు ఖర్చుతో లేచినా అది నగరం ఆస్తి, కాబట్టి ఇక్కడి చట్టంలో నగరం ఆస్తి అన్న మాట స్పష్టంగా ఉండాలి. సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్‌లలో ఉండే తెలుగువారికి సియాటెల్ నగర మండలి ఎన్నికల్లో ఓటు లేదు. శాసనసభ ఎన్నికల్లో మాత్రం ఉంది. పౌరసత్వం ఉన్నవారు తమ నియోజకవర్గ సెనేటరుకు, ఇద్దరు ప్రతినిధులకు ఇప్పుడే ఉత్తరం రాయాలి. ప్రవేశ రుసుం కట్టక ముందే ఈ చట్టం రావాలి, తర్వాత బేరమాడే బలం మన చేతిలో ఉండదు.

ఇట్లు,
కొందరు తెలుగు బాస్కెట్‌బాల్ అభిమానులు,
బెల్‌వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం